డబ్బా మీద 525 రెట్లు, మిద్దె మీద 26 రెట్లు

మా మేనల్లుడు దసరా సెలవులకి హాలియా నుంచి వస్తూ వస్తూ ఒక పొడుగాటి అట్టపెట్టె సంకలో పెట్టుకొచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్న టెలిస్కోప్. పెట్టె మీద శనిగ్రహం బొమ్మ, పక్కనే ఎర్రటి పెద్ద అక్షరాల్లో 525ఎక్స్ అని రాసుంది. ఆ రాత్రి మిద్దె మీద గంటన్నర కుస్తీ పట్టి కిందికొచ్చి, "మామా, ఏం కనిపిస్తలేదు, అంతా బూడిద రంగే ఉన్నది, పాడైన పీసు పంపినట్టున్నరు" అన్నాడు. పీసుకేం కాలేదు. వాడు పెట్టెలో వచ్చిన 4ఎంఎం ఐపీస్‌కి, అంటే కన్ను ఆనించి చూసే చిన్న అద్దాల గొట్టానికి, రెట్లని మూడింతలు చేసే 3ఎక్స్ బార్లో తగిలించి, ఏకంగా 525 రెట్లతో చుక్కల్ని వెతుకుతున్నాడు. ఆ రెండూ పీకేసి 20ఎంఎం పెట్టి చందమామ వైపు తిప్పితే ఐదు నిమిషాల దాకా కంటిని అక్కణ్నుంచి తీయలేదు వాడు.

వాణ్ని చూసి నవ్వలేదు లెండి, ఎందుకంటే నా మొదటి టెలిస్కోప్‌తో నేను చేసిందీ అదే, పైగా అప్పుడు చెప్పేవాళ్లు లేక రెండు నెలలు అటక మీద పడేశాను. అందుకే ఇది రాస్తున్నా. టెలిస్కోప్ కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని కాదు, ఏ రాత్రి దేనికి ఎన్ని రెట్లు సరిపోతాయని.

లెక్క చాలా చిన్నది. టెలిస్కోప్ గొట్టం మీద, ఐపీస్ పెట్టి స్పష్టత సరిచేసుకునే ఫోకసర్ దగ్గర ఒక స్టిక్కర్ ఉంటుంది, దాని మీద రెండు అంకెలు ఉంటాయి. మా వాడి దాని మీద 76, 700 అని ఉంది. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ఫోకల్ లెంగ్త్, అంటే ఆ అద్దం వెలుగుని ఒక చోటికి చేర్చే దూరం, రెండూ మిల్లీమీటర్లలోనే. ఐపీస్ మీద కూడా దాని ఫోకల్ లెంగ్త్ రాసి ఉంటుంది. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ అంకెతో భాగిస్తే వచ్చేదే మాగ్నిఫికేషన్. 700ని 20తో భాగిస్తే 35 రెట్లు, 4తో భాగిస్తే 175. దానికి 3ఎక్స్ బార్లో తగిలిస్తే 525. అంటే పెట్టె మీద లెక్క అబద్ధం కాదు, ఆ లెక్కతో ఏదో కనిపిస్తుందనడమే అబద్ధం. ఐపీస్ అంకె చిన్నదయ్యేకొద్దీ రెట్లు పెరుగుతాయి, ఇది మొదట్లో అందరికీ తికమకే, పెద్ద అంకె ఉన్నది పెద్దగా చూపిస్తుందనుకుంటారు.

ఎందుకు కనిపించదంటే, 76ఎంఎం అద్దం పట్టే వెలుగు ఇంతే అని ముందే తేలిపోయింది. మీరు రెట్లు పెంచితే కొత్త వెలుగు రాదు, ఉన్నదే పలచబడుతుంది. 35 నుంచి 525కి వెళ్తే బొమ్మ పొడవులో 15 రెట్లు, వైశాల్యంలో 225 రెట్లు పెరిగింది, అంటే అదే వెలుగు 225 రెట్లు పలచనైంది. పావు లీటరు పాలల్లో నాలుగు బిందెల నీళ్లు పోసినట్టు. ఇక ఆ పాలతో టీ పెట్టండి చూద్దాం. దానికి తోడు భూమి తిరుగుతూనే ఉంటుంది కదా, 525 రెట్ల దగ్గర ఐపీస్‌లో కనిపించే ఆకాశం ముక్క ఎంత చిన్నదంటే గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి 20 సెకన్లలోపే దాటిపోతుంది, ఆలోపు మీరు ఫోకస్ ముట్టుకుంటే స్టాండు ఊగి, ఊగడం ఆగేసరికి గ్రహమే ఉండదు.

మామూలుగా చెప్పే హద్దు ఏంటంటే, అద్దం వెడల్పు ఎన్ని ఎంఎం ఉంటే దానికి రెట్టింపు. 76కి 152, 130కి 260. అది కూడా గాలి బాగా నిలకడగా ఉన్న రాత్రికి. నా అనుభవంలో నల్లగొండలో ఎక్కువ రాత్రులు అద్దం వెడల్పు ఎంతో అన్ని రెట్లు, మహా అయితే దానికి ఒకటిన్నర. అంతకు మించి నేను వాడిన రాత్రులు ఏడాదికి ఓ పది ఉంటాయేమో.

ఇప్పుడు పెట్టెలో వచ్చిన ఐపీస్‌ల సంగతి. వాటి మీద హెచ్, ఎస్ఆర్ అని అక్షరాలు ఉంటే అవి హైగెన్స్, రామ్స్‌డెన్ రకాలు. హైగెన్స్ 17వ శతాబ్దపు డచ్చి శాస్త్రవేత్త, 1655లో శని చుట్టూ తిరిగే టైటన్‌ని కనిపెట్టింది ఆయనే, అంత గొప్పాయన డిజైన్‌ని తప్పు పట్టేంతవాణ్ని కాను. కానీ ఆ రోజుల్లో టెలిస్కోపులు బాగా పొడుగు, వాటికి అది సరిపోయింది. మన పొట్టి టెలిస్కోప్‌లో అంచులన్నీ అలికినట్టు ఉంటాయి, కనిపించే వృత్తం కూడా ఇరుకు, రేకు గొట్టంలోంచి తొంగి చూసినట్టు. 20ఎంఎం అయితే పనికొస్తుంది, పారేయొద్దు. ఎస్ఆర్ 4ఎంఎంతో మాత్రం సూది బెజ్జంలాంటి రంధ్రానికి కన్ను ఆనించి చూడాలి, దాన్ని పక్కన పెట్టేయండి. 3ఎక్స్ ప్లాస్టిక్ బార్లో కూడా అంతే.

కొనాల్సింది ప్లాసెల్ రకం. వియన్నాలో ప్లాసెల్ అనే ఆయన 1860లో చేసిన డిజైన్, రెండు జతల అద్దాలు, కనిపించే వృత్తం 50 డిగ్రీల చుట్టుపక్కల వెడల్పు, ఇప్పటికీ కొత్తవాళ్లకి డబ్బుకి తగ్గ వస్తువు అదే. కొనే ముందు స్కేలు పెట్టి మీ ఫోకసర్ రంధ్రం కొలవండి. 31.7ఎంఎం ఉంటే 1.25 అంగుళాల ఐపీస్‌లు పడతాయి, అన్ని దుకాణాల్లో దొరికేవి అవే. పాతకాలం టెలిస్కోపులు, కొన్ని బొమ్మల్లాంటి చవకవి 24.5ఎంఎం ఉంటాయి, వాటికి మంచి ఐపీస్ దొరకడం కష్టం. నేను కొలవకుండా ఆర్డర్ పెట్టి వెనక్కి పంపడానికి వారం రోజులు తిరిగా.

ఎన్ని కొనాలి? మూడు చాలు. నిజానికి రెండుతో మొదలుపెట్టి, ఒక సీజన్ గడిచాక మూడోది కొనుక్కుంటే ఇంకా మంచిది.

మొదటిది తక్కువ రెట్లది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. కొత్తవాళ్లు దీని మీద డబ్బు పెట్టరు, "తక్కువ చూపించేదానికి అంత రేటు ఎందుకు" అని. నా దగ్గర ఇప్పుడున్నది 130ఎంఎం అద్దం, 650 ఫోకల్ లెంగ్త్. దానికి 25ఎంఎం ప్లాసెల్ పెడితే 26 రెట్లు. ఐపీస్ వెడల్పు 50 డిగ్రీలని 26తో భాగిస్తే దాదాపు 2 డిగ్రీల ఆకాశం ఒక్కసారే కనిపిస్తుంది, అంటే నాలుగు చందమామలు పక్కపక్కన పెట్టినంత. కృత్తికలు మొత్తం పట్టేది ఇందులోనే. మా నాయనమ్మ కృత్తికల్ని పిల్లలకోడి అనేది, తల్లీ పిల్లలూ అంతా ఒక్క చోట ఉంటేనే ఆ అందం. అదే 100 రెట్లు పెట్టి చూస్తే కోడి ఓ చోట, పిల్లలు ఓ చోట. పుష్యమి గుంపు కూడా అంతే.

ఈ తక్కువకీ ఒక హద్దుంది. ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే ఎఫ్ అంకె వస్తుంది, నాది 650 బై 130, ఎఫ్5. ఐపీస్ అంకెని ఈ ఎఫ్ అంకెతో భాగిస్తే ఐపీస్ నుంచి బయటికొచ్చే వెలుగు కట్ట ఎన్ని ఎంఎం వెడల్పో తెలుస్తుంది. 25 బై 5, అంటే 5ఎంఎం. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 7ఎంఎం దాకా తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ 5 దగ్గరే ఆగిపోతుంది, మిగతా వెలుగు కంట్లోకి పోకుండా వృథా. నాకు 32ఎంఎం కూడా ఉంది, దాంతో 20 రెట్లు, వెలుగు కట్ట 6.4ఎంఎం. టౌన్‌లో దాంతో చూస్తే వీధిలైట్ల వెలుగుకి ఆకాశమే తెల్లగా పాలిపోయినట్టు ఉంటుంది, అందుకే ఇంటి దగ్గర 25 వాడతా, నాగార్జునసాగర్ వైపో దేవరకొండ అవతలో చీకటి చోటికి పోయినప్పుడే 32 తీస్తా. మా వాడి 76/700కి ఈ గొడవ లేదు, దాని ఎఫ్ అంకె 9 దాటుతుంది కాబట్టి 32ఎంఎం పెట్టినా వెలుగు కట్ట మూడున్నర ఎంఎంలోపే, 22 రెట్లు. వాడితో మొదట కొనిపించింది అదే.

రెండోది మధ్య రకం, 10ఎంఎం అటూ ఇటూ. నాకు 65 రెట్లు, మా వాడికి 70. గురుగ్రహం మనకి బాగా దగ్గరగా ఉన్నప్పుడు 40 రెట్లకే, మామూలు కంటికి చందమామ ఎంత కనిపిస్తుందో అంత అవుతుంది. నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే చుట్టూ నల్లటి వృత్తంలో అది చిన్న గోళీలా అనిపిస్తుంది, కానీ లెక్క అదే. 65 దగ్గర రెండు గోధుమ రంగు చారలు తేలతాయి, నాలుగు చందమామలు ఒక వరసలో నిలబడతాయి. గెలీలియో 1610లో ఆ నాలుగింటినీ చూసింది సుమారు 20 రెట్ల గొట్టంతోనే. శని ఉంగరం కూడా 30 దాటగానే తెలుస్తుంది. ఒక్క మాట, 2025 మార్చిలో ఆ ఉంగరం మనకి సరిగ్గా అంచు తిప్పింది, అందుకని ఆ తర్వాత కొన్నాళ్లు సన్నగీతలాగే ఉంటుంది, ఏడాదికేడాది తెరుచుకుంటూ వస్తుంది. సన్నగా కనిపించిందని ఐపీస్‌ని తిట్టుకోకండి.

మూడోది గ్రహాలకి, చందమామ గుంటలకి. ఇక్కడ ప్లాసెల్ నచ్చదు నాకు. ప్లాసెల్ ఎంత చిన్నదైతే కంటిని అంత దగ్గరగా ఆనించాలి, 4ఎంఎం ప్లాసెల్‌కి దాదాపు 3ఎంఎం దూరంలో కన్ను ఉండాలి, రెప్ప వెంట్రుకలు అద్దానికి తగిలి జిడ్డు అంటుకుంటుంది. 66 డిగ్రీల చవక వైడ్‌యాంగిల్ రకాల్లో 6ఎంఎం దొరుకుతుంది, కంటికి కాస్త ఎడం ఉంటుంది, నాకు 108 రెట్లు వస్తాయి. ఎఫ్5 టెలిస్కోప్‌లో దాని అంచుల్లో చుక్కలు కొంగ రెక్కల్లా సాగుతాయి, నడిమధ్యలో పెట్టుకు చూసే గ్రహానికి అదేం అడ్డు కాదు.

లేదంటే 2ఎక్స్ బార్లో ఒకటి, గాజు అద్దాలున్నది. అది ప్రతి ఐపీస్‌ని రెండుగా మారుస్తుంది కాబట్టి కొనే ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. 25, 10 ఉంటే బార్లోతో 12.5, 5 అవుతాయి, నాకు 26, 52, 65, 130 రెట్లు, నాలుగూ వేర్వేరు. అదే 20, 10 కొంటే 20కి బార్లో తగిలించినా మళ్లీ 10ఎంఎం లెక్కే, డబ్బులు దండగ. జూమ్ ఐపీస్ గురించి అడుగుతుంటారు, 8 నుంచి 24ఎంఎం దాకా తిప్పేది. సౌకర్యమే, కానీ 24 దగ్గర, వెడల్పు కావాల్సిన చోటే, అది బాగా ఇరుకవుతుంది. నేను కొనలేదు.

కళ్లజోడు ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. దూరపు చూపు, దగ్గరి చూపు తేడాని ఫోకసరే సరిచేస్తుంది, జోడు తీసేసి చూడండి. సిలిండర్ పవర్ ఎక్కువ ఉంటే మాత్రం తక్కువ రెట్ల దగ్గర జోడు కావాలి, అలాంటివాళ్లు కంటికీ అద్దానికీ కనీసం 15ఎంఎం ఎడం ఇచ్చే ఐపీస్ చూసుకోవాలి.

ఇక గాలి. ఇది ఏ పెట్టె మీదా రాయరు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పగలంతా కాగి అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ సెగలోంచి గురుగ్రహాన్ని చూస్తే పారే కాలవ అడుగున పడ్డ రూపాయి బిళ్లలా వంకర్లు తిరుగుతుంది, అప్పుడు 130 రెట్లు పెడితే ఆ వంకర్లే 130 రెట్లు పెద్దవవుతాయి. ఎండాకాలం పడుకునే ముందు మిద్దె మీద నీళ్లు చల్లుతాం కదా, అది పొద్దుగూకగానే చల్లేయండి, టెలిస్కోప్ పెట్టేసరికి ఆరిపోయి కొంత నయంగా ఉంటుంది. పెరట్లో మట్టి నేల ఉంటే అదింకా మేలు. పక్కింటి ఏసీ డబ్బా మీదుగా, రైస్‌మిల్లు పొగగొట్టం మీదుగా గురి పెట్టొద్దు. కిటికీ లోంచి అసలే వద్దు. టెలిస్కోప్‌ని అరగంట ముందే బయట పెట్టండి, అద్దం కూడా చల్లబడాలి.

గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు, నడినెత్తిన ఉన్న చుక్కల్ని చూడండి. అవి కూడా గట్టిగా మిణుకుమిణుకుమంటుంటే ఆ రాత్రి తక్కువ రెట్లతో సరిపెట్టుకోండి. డిసెంబరు, జనవరిలో పలచటి మంచు పట్టి, ఆకాశం కాస్త మసకగా ఉండి, ఆకు కదలని రాత్రులుంటాయి, చూడ్డానికి పనికిరావనిపిస్తాయి, గ్రహాలకి బంగారంలాంటి రాత్రులవి. నేను 200 రెట్లు దాటింది అలాంటి రాత్రే.

పద్ధతి ఇలా పెట్టుకోండి. టెలిస్కోప్ మీద గురి చూసుకునే చిన్న ఫైండర్‌ని పగలే సరిచేసుకోవాలి, నేను లతీఫ్ సాబ్ గుట్ట మీది ఒక బండరాయి అంచుని 25ఎంఎం నడిమధ్యకి తెచ్చి, తర్వాత ఫైండర్ మరలు తిప్పి అదే అంచుని దాని మధ్యకి తెస్తా. రాత్రి ఎప్పుడూ తక్కువ రెట్లతోనే మొదలు. దొరికింది మధ్యకి వచ్చాక 10ఎంఎం, అది బాగుంటే 6. ఎక్కడైతే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్తగా ఏమీ తేలడం లేదో అక్కడ ఒక మెట్టు దిగండి, ఆ రాత్రికి ఆకాశం ఇచ్చేది అంతే.

మనకి ఒక లాభం ఉంది, దాని మీద ఇదంతా సాధన చేయొచ్చు. ఎక్కువ పుస్తకాలు చలి దేశాలవాళ్ల కోసం రాసినవి, వాళ్లకి దక్షిణాకాశం నేల కిందే ఉండిపోతుంది. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం, మహబూబ్‌నగర్ ఇంకొంచెం కిందికి. ఒమెగా సెంటారీ అనే పెద్ద చుక్కల ముద్ద మనకి దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, మే నెల మధ్యలో రాత్రి 10 గంటల ప్రాంతంలో. చీకటి ఊర్లో అయితే మామూలు కంటికే అలుక్కుపోయిన చుక్కలా తెలుస్తుంది. 26 రెట్లతో గుండ్రటి మసక ముద్ద, నల్లగుడ్డ మీద గుప్పెడు పిండి పడ్డట్టు. 65 పెడితే ఆ పిండిలో రవ్వ తేలుతుంది, అంచుల్లో ఒక్కో చుక్క విడిపోతుంది. 108 దగ్గర ఇంకా విడిపోతుంది గానీ మొత్తం మసకబారుతుంది, నాకైతే 65 ఇష్టం. ఒకే వస్తువుని మూడు ఐపీస్‌లతో అలా చూస్తే ఈ రాసిందంతా మీకే అర్థమవుతుంది.

సూర్యుడి విషయం మాత్రం గట్టిగానే చెప్తా. చవక పెట్టెల్లో ఐపీస్‌కి బిగించుకునే చిన్న నల్ల ఫిల్టర్ వస్తుంది, మీద సన్ అని రాసి. అద్దం పోగుచేసిన వేడంతా దాని మీదే పడి, చూస్తుండగానే పగిలిపోవచ్చు, కన్ను పోతుంది. సుత్తితో కొట్టి పారేయండి, పిల్లల చేతికి దొరకనీయొద్దు. సూర్యుణ్ని చూడాలంటే టెలిస్కోప్ ముందు మూతికి మొత్తం కప్పే సోలార్ ఫిల్టరే ఉండాలి, ఫైండర్‌కి మూత ఉండాలి. 1980 ఫిబ్రవరి 16న మన పక్కనే ఉన్న జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది, శాస్త్రవేత్తలు అక్కడ గుమిగూడితే జనం తలుపులేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. కళ్లకి భయపడటం తప్పు కాదు, సరైన ఫిల్టర్ ఉంటే ఆ భయం అక్కర్లేదు.

వానాకాలం నాలుగు నెలలు మబ్బులే. అప్పుడు ఐపీస్‌లకి బూజు పట్టకుండా గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. తువ్వాలు కొంగుతో, చొక్కా అంచుతో అద్దం తుడవొద్దు, రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదేస్తే చాలు. నా 25ఎంఎం ఒక్కటే ఇప్పుడు ఆ డబ్బాలో లేదు. ప్లాసెల్‌ని తిరగేసి పట్టుకుంటే మంచి భూతద్దంలా పనిచేస్తుందని మాటల్లో మా బావకి చెప్పా, "ఒక్కసారి పత్తి ఆకు కింద తెల్లదోమ చూసి ఇస్త బావా" అని జేబులో వేసుకుపోయాడు, పత్తి ఏరడం కూడా అయిపోవచ్చింది.